అదే ఏడు మా ఇంటికొచ్చిన కుర్చీ

మొన్న పత్తి ఏరుడు నడుస్తున్న రోజుల్ల తమ్ముడు సత్తయ్య ఫోన్ చేసిండు. “అక్కా, గడి దొర మనుమడు వస్తుండట. కుర్చీ అడుగుతుండు. నువ్వు రావాలె” అన్నడు. కుర్చీ అన్న మాట చెవుల పడంగనే చేతుల పని ఇడిచి లేచి నిలబడ్డ. జుట్టు నెరిసింది, కొలువు చేసి దిగిన, మనుమరాళ్లను ఎత్తుకున్న, అయినా గా ఒక్క మాటకు గంత బలమెందుకో నాకు సమజ్ కాదు. “అడిగితే ఇచ్చెయ్యరాదు, నడుమ నేనెందుకు?” అన్న. “నాకు భయమైతుందక్కా” అన్నడు. అరవై దాటిన మనిషి! దొర చచ్చి ఎన్నేండ్లాయె, కోట అసొంటి గడి గోడలు కూలి అండ్ల తుమ్మచెట్లు మొలిచె, వీనికి ఇంకా భయమట. వేరేటోళ్లయితే నవ్వుకుందురేమో. నాకు ఒళ్లు మండింది. నేనుండే శ్రీరాంపూర్ల పొద్దుగాలనే బస్సెక్కి ఊరికి పోయిన.

మా ఊరు జమ్మికుంటకు పోయే తొవ్వల ఉంటది. మాది సాలోళ్ల ఇల్లు. ఇప్పుడంటే సత్తయ్య సిమెంటు ఇల్లు కట్టిండు గాని, నేను పుట్టి పెరిగింది పెంకుటింట్ల. గడప దాటంగనే ముందుగాల గంజి వాసన ముక్కుకు తగులుతుండె. నూలుకు పెట్టే గంజి, మేము తాగే గంజి రెండూ ఒక్క పొయ్యి మీదనే కాగుతుండె. ఏది దేనికో మా తల్లికే, అవ్వకే ఎరుక. నడిమి అర్రల గుంట మగ్గం. బాపు పొద్దు పొడవక ముందే కాళ్లు కడుక్కొని, మగ్గానికి దండం పెట్టి గుంటల కాళ్లు పెట్టి కూసుంటే, మళ్ల దీపం ముట్టిచ్చే యాళ్లకే లేచుడు. నాడె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోతున్నంత సేపు ఆయన నోరు తెరిచేటోడు కాదు. పోగు తెగితేనే మాట. తెగిన పోగు ముడేసేటాళ్లకు ఎంత సేపు పడితే గంతసేపే మాకు బాపు దొరికేటోడు. గందుకే బలపం కావాలన్నా, జాతరకు పోవాలన్నా, నేనూ సత్తయ్యా గోడకు ఒరిగి కూసొని పోగెప్పుడు తెగుతదా అని చూసేటోళ్లం. “దేవుడా, తెగాలె” అని మొక్కుకునేటోళ్లం సుత. అవ్వ తలుపు దగ్గర వెలుగు పడే జాగల రాట్నం పెట్టుకొని కండెలు చుట్టేది. ఇంట్ల గా ఒక్క జాగలనే మంచి వెలుగు. నేను పుస్తకం పట్టుకొని అవ్వ పక్కకు జరిగి జరిగి కూసుంటే, “ఇంకెంత జరుగుతవే, రాట్నంల దూరు” అని తిట్టేది. తిట్టుకుంటనే జర పక్కకు జరిగి జాగ ఇచ్చేది.

అరవై తొమ్మిదిల, జై తెలంగాణ కొట్లాట జరిగిన ఏడు బడులన్నీ బందయినయి. పెద్దోళ్లు ఊరేగింపులు తీస్తుండ్రి, మా అసొంటి పిల్లలు పశువుల ఎంబడి, కలుపుల ఎంబడి పోతుండ్రి. ఏడాది ఉత్తగనే పోయింది. మళ్ల బడి తెరిచినంక మాకు కొత్త సారు వచ్చిండు, గణపత్ సారు. ఆయనది భైంసా. నోరు తెరిస్తే సగం తెలుగు, సగం మరాఠీ. మాట మాటకు “బరోబర్, బరోబర్” అనేటోడు. మేము ఎనకనుంచి ఎక్కిరిచ్చేటోళ్లం. మొదటి రోజే ఆయన మమ్ముల అందర్ని చూసి, “మీకు ఒక ఏడాది పోయింది గద పిల్లలూ. నేను మీకు ఒక ఏడాది ఇస్త” అన్నడు. ఏందో చాక్లెట్ ఇచ్చినట్టే చెప్పిండు. మాకేం తెలువలే, ఎర్రిమొఖాలేసుకొని కూసున్నం.

ఒకనాడు సారు మా ఇంటికి వచ్చిండు. మగ్గం ఎట్ల నడుస్తదో చూస్తనని గడప మీద కూసున్నడు. చాలా సేపు చూసి చూసి, బాపుకు పోగు తెగినప్పుడు, “అంజయ్యా, మా చరిత్ర పుస్తకంల ఉత్త పడుగే ఉన్నదయ్యా” అన్నడు. “రాజు కింద రాజు, రాజు కింద రాజు, అట్ల నిలువుగ పోతనే ఉంటది. పేక లేదు. ఒక్క ఏడు పట్టుకొని గీ అంచు నుంచి గా అంచు దాకా పోయినోడు లేడు. రోముల గా ఏడు ఏమైంది, చీనాల ఏమైంది, మన దిక్కు ఏమైంది?” బాపు పోగు ముడేసుకుంట, “పేక లేకపోతే బట్టెట్లయితది సారూ, ఎంట్రుకలు ఎలాడినట్టు ఎలాడుతది” అని నవ్విండు. బాపు బయటోళ్ల ముందట నవ్వుడు నేను గప్పుడే చూసిన. సారు నా దిక్కు తిరిగి, “విన్నవా భాగ్యా? అదే” అన్నడు. గా రోజు నుంచి చరిత్ర పాఠమంటే నాకు పిచ్చి పట్టింది.

సారు పట్టుకొచ్చిన ఏడు ఏందంటే, రోముల మొదటి చక్రవర్తి కన్నుమూసిన ఏడు. ఇప్పటికి రెండు వేల ఏండ్ల కిందటి సంగతి. దాన్ని ఆయన బడి పండుగకు నాటకం చేసిండు. ఒక్కో దేశపోడు ముందటికి వచ్చి “అదే ఏడు” అని మొదలుపెట్టాలె. ముందుగాల కుమ్మరోళ్ల పోరడు నులక మంచం మీద పండుకొని రోము చక్రవర్తి లెక్క సచ్చిపోవాలె. సచ్చేముందు చుట్టున్నోళ్లను “నా వేషం మంచిగ కట్టిన్నా?” అని అడగాలె. అట్లనే అడిగిండట గా చక్రవర్తి నిజంగ. మా పోరడు అడిగినప్పుడల్లా “లేదురా, మంచిగ లేదు” అని అందరం అంటుంటిమి, వాడు లేచి తంతుండె. ఇంక చీనా. అక్కడ గంతకు ముందే ఒక మంత్రి గద్దె గుంజుకొని రాజైండట. భూమి ఎవ్వరి సొంతం కాదు, అమ్మద్దు, కొనద్దు, మనుషులను సుత అమ్మద్దు అని ఆర్డరేసిండట. భూములున్నోళ్లు ఊకుంటరా? నెత్తి మీద కూసుంటే ఆర్డర్ వాపస్ తీసుకున్నడు. నది గట్లు తెంపుకొని ఊర్లకు ఊర్లు ముంచింది. రోము చక్రవర్తి సచ్చిన అదే ఏడు గా రాజు పైసలు రద్దు చేసి మళ్ల కొత్త పైసలు తెచ్చిండు. ఇది కిరాణం శేటు కొడుకు చెప్పాలె. కొత్త పైసలనంగనే వాడు నిజంగనే పరేషానయ్యేటోడు.

ఆఖరుకు మన దిక్కు. “శాతవాహనుల కాలం” అని సారు గొంతు తగ్గిచ్చి చెప్పిండు. “కని గా ఏడు రాజు ఎవడో నిక్కచ్చిగ చెప్పేటోడు లేడు పిల్లలూ. రోమోళ్లు రాసిపెట్టుకున్నరు, చీనోళ్లు రాసిపెట్టుకున్నరు, మనోళ్లు రాయలే. అయితే ఆ వంశపు రాజులు తల్లి పేరు తమ పేరుకు ముందట పెట్టుకునేటోళ్లు. గందుకే మనం రాజును పెట్టద్దు. రాజమాతను పెడదాం.” రాజమాత నేను. వేషమంతా సింహాసనం మీద కదలకుండ కూసునుడే. రోమోడు, చీనోడు వచ్చి చెప్పి పోయినంక ఆఖరుకు నాది ఒక్కటే మాట: “అదే ఏడు, గోదావరికి మానేరుకు నడుమ ఏమైందో ఎవ్వరూ రాసిపెట్టలే. మేము మాత్రం ఉన్నం.” గా ఒక్క మాట నేను పండుకున్నా లేచినా అనుకునేదాన్ని. చెంబు పట్టుకొని బాయికాడికి పోతే బాయిల అనేదాన్ని, మళ్ల ఇనబడుతదని.

ఇక్కడ నా బతుకుది అసలు సంగతి చెప్పాలె. మా ఊర్లె బడి ఏడోది దాకనే. ఆ పైన చదవాలంటే కరీంనగర్ల ఆడపిల్లల హాస్టల్ల ఉండాలె. సారే పోయి అక్కడి మేడంతోని మాట్లాడిండు, సీటు ఉన్నదని తెలుసుకొని వచ్చిండు. సాలోళ్ల ఆడపిల్ల పట్నం పోయి చదువుడంటే అప్పట్ల మా వాడల నోళ్లు ఊకుంటయా? “ఈడొచ్చిన పిల్లను ఎట్ల తోలిస్తరే” అని అవ్వను బాయికాడ గుచ్చి గుచ్చి అడిగేటోళ్లు. అవ్వకు పంపాలని ఉన్నది, భయం సుత ఉన్నది. సారు మా ఇంటికి వచ్చి గోడకు ఒరిగి, మా లెక్కనే పోగు తెగేదాకా చూసి అడిగిండు. బాపు ముడేసిండు. వేసినంక సుత నాడె పట్టుకోలే. “పండుగ కాంగనే పంపుత సారూ. దాని దస్తూరి నా మగ్గం లెక్క తిన్నగ ఉంటది” అన్నడు. సంతోషానికి ఏం చెయ్యాల్నో తెలువక పోయి అవ్వ రాట్నాన్ని గిర్రున తిప్పిన. నూలంత చిక్కువడ్డది. అవ్వ ఈపుల ఒక్కటేసింది.

బాపు నా వేషానికి బట్ట నేసిండు. ఆయన నేసేది పంచెలు, తువ్వాలలు, మొరటు బట్ట. నా కోసం సన్న నూలు ఎక్కడ్నో అడుక్కొచ్చి, మగ్గం మీది పని ఆపి, తెల్లటి చీర నేసిండు. మన నూలు బట్ట కోసం రోమోళ్లు పడవలేసుకొని వచ్చేటోళ్లని సారు చెప్పిన మాట ఆయనకు ఎక్కింది. “రోమోనికి అమ్మేటి బట్ట అట్లిట్ల ఉంటే ఎట్ల?” అని రోజూ అంటుండె.

సింహాసనం ఒక్కటే తక్కువాయె. బడిల ఉన్నది ఒక ఇరిగిన స్టూలు. మా వాడల కుర్చీ ఎవ్వరింట్ల లేదు. ఊరు మొత్తంల చేతులున్న కుర్చీ గడిలనే. నల్లటి టేకు, ఎత్తు వీపు, చేతుల కొసలకు సింహం మూతులు. సారు గడికి పోయి, “బడి పండుగకు కుర్చీ కావాలె” అని అడిగిండు. ఇవ్వమన్నరు. నాలుగు మాటల్ల పని అయిపోయిందని సారు ఈల వేసుకుంట వచ్చిండు. అయ్యో, ఊరోడు కాదు గద! ఆయనకు తెలువని ఒక రివాజు ఉన్నది. దొర ఎక్కడికన్న పోవాలంటే, పెండ్లికి గాని, పంచాయితికి గాని, ముందుగాల కుర్చీ పోతది. జీతగాడు నెత్తి మీద పెట్టుకొని పోయి ఏసి, తుడిచి, పక్కకు నిలబడుతడు. ఎనుక దొర వస్తడు. కుర్చీ వచ్చిందంటే దొర వస్తున్నట్టే. సారు కుర్చీ అడిగితే గడిల ఏమనుకున్నరు? పంతులు దొరను పండుగకు పిలువ వచ్చిండు అనుకున్నరు. భైంసా పత్తి దుకాండ్లల్ల కుర్చీ మీద ఎవ్వడు ముందొస్తే వాడు కూసుంటడట. సారు దిమాకుల కుర్చీ అంటే కుర్చీనే. ఊరోళ్లకు తెలిసి సుత ఎవ్వరు చెప్పలే. పంతులుకు తెలువకుంటదా, దొరను అడిగే పెట్టిండు గద అనుకున్నరు.

బడి అరుగు మీద తడకలు కట్టిండ్రు. పొద్దుగూకేటాళ్లకు ఊరంత వచ్చింది. గ్యాసులైటు ముట్టిచ్చిన్రు. నడుమ కుర్చీల నేను, బాపు నేసిన చీర, అవ్వ పూసల దండ నా మెడల. కుర్చీ ఎంత పెద్దదంటే నా కాళ్లు కిందికి అందుతలేవు. ఊపద్దని సారు ముందే చెప్పిండు, రాజమాత కాళ్లు ఊపదట. ముందట నేల మీద బాపు కూసున్నడు. నన్ను చూసి ఆయన కండ్లు తుడుచుకుంటుంటే అవ్వ మోచేతితో పొడుస్తుంది. కుమ్మరోళ్ల పోరడు సచ్చిండు. “నా వేషం మంచిగ కట్టిన్నా?” అంటే ఊరంత “మంచిగ కట్టినవురా” అని చప్పట్లు కొట్టింది. శేటు కొడుకు వచ్చి, “అదే ఏడు చీనాల, భూమి ఎవ్వరి సొంతం కాదన్న రాజు” అని మొదలుపెట్టిండో లేదో, ఎనుక నుంచి జనం లేసుడు షురువైంది. వరుస ఎంబడి వరుస లేస్తుంది. దొర వచ్చిండు.

తెల్ల ధోతి, చేతుల కట్టె. వచ్చి కూసునే జాగ కోసం చూసిండు. కుర్చీ కనబడ్డది, దాంట్ల నేను కనబడ్డ. నిలబడే చూసిండు. శేటు కొడుకు దొర దిక్కు చూడకుంటనే భూమి మాట మొత్తం చెప్పిండు. గా మాట దొర చెవులకు ఎక్కనే లేదు. ఆయన కండ్లు కుర్చీ మీదనే. బాపు లేచి నిలబడ్డడు, మెల్లగ, “దిగు బిడ్డా” అన్నడు. నేను సారు దిక్కు చూసిన. సారు తడక ఎనుక నుంచి చెయ్యి అడ్డం ఊపి కూసో అన్నడు. బాపు మళ్ల, “దిగు బిడ్డా, దిగు, ఎవలన్న సూస్తరు” అన్నడు. ఊరంత చూస్తనే ఉన్నది, ఇంకెవలు చూస్తరో! నా మాట ఇంకా రాలే. మాట చెప్పకుంట ఎట్ల దిగుత? నేను కదలలే. దొర గంతలనే ఎనుకకు తిరిగి పోయిండు. జనమంత ఆయన ఎంబడి పోయిండ్రు. ఖాళీ జాగల బాపూ, అవ్వా మాత్రం మిగిలిండ్రు. నా మాట ఎవ్వరికి చెప్పాలె?

తెల్లారి సారు కుర్చీ వాపస్ పంపిస్తే గడిలకు రానియ్యలే. గడి మనిషి రాజలింగు దాన్ని నెత్తిన పెట్టుకొని మా ఇంటికి తెచ్చిండు. “ఏమిరా అంజిగా, నీ బిడ్డ కూసున్న దాంట్ల దొర కూసుంటడారా?” అన్నడు. “దొర చెప్పిండు. ఇది మీ ఇంట్లనే ఉండాలె. ఎవ్వలు కూసోవద్దు. అమ్మద్దు, ఇరగొట్టద్దు. ఎప్పుడు చూస్తమంటే అప్పుడు చూపియ్యాలె. పైలం.” బాపు చేతులు కట్టుకొని, “బాంచెను, అట్లనే” అన్నడు. రాజలింగు పోవుకుంట గడపల ఆగి నన్ను చూసిండు. “ఇగ రాణి అయ్యింది గదరా నీ బిడ్డ. రాణికి సదువెందుకు?” అని నవ్విండు. గంతే. గంత చిన్న మాట. దొర చెప్పిన మాటో, వాడే నోటికొచ్చి అన్న మాటో ఈనాటికీ తెలువది. దొరను అడిగే మొగోడెవడు? బాపు గా మాట పట్టుకున్నడు. పండుగ పోయింది, కరీంనగర్ మాట మళ్ల మా ఇంట్ల ఇనబడలే. నేను గోడకు ఒరిగి పోగు తెగేదాకా కూసున్న. పోగు తెగింది, “బాపూ” అన్న. ఆయన తల ఎత్తలే. తెగిన పోగు ముడేసుకుంట కూసున్నడు, ముడి పడ్డంక సుత వేళ్లతోని దాన్నే పట్టుకొని కూసున్నడు.

సారును అడవి దిక్కు బదిలీ చేసిండ్రు, ఉట్నూరు అవతలికట. పోయే ముందు మా ఇంటికొచ్చి గడప బయటనే నిలబడి, “తప్పు నాది అంజయ్యా. ఎవరి కోసం కావాల్నో చెప్పకుంట అడిగిన. నీ బిడ్డకేం పాపం? పంపు” అని కండ్ల నీళ్లు పెట్టుకున్నడు. బాపు లోపలికి రమ్మనలే, పొమ్మనలే. నాకు సారు మీద సుత కోపం వచ్చింది. ఉన్నమాట చెప్తున్న, ఇప్పటికి సుత ఉన్నది. నాకు రెండు వేల ఏండ్ల కిందటి లోకం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చూపిచ్చిండు గని, మా ఊరి సంగతి ఒక్కటి తెలుసుకోలేకపోయిండు. గంత మంచి మనిషి మీద కోపం పెట్టుకొని బతుకుడు ఎంత చేదో పడ్డోళ్లకు తెలుస్తది.

కుర్చీ ఏడ పెట్టాలె? మగ్గం పోను మిగిలింది అవ్వ రాట్నం జాగనే, తలుపు దగ్గర వెలుగు పడేది. అక్కడ పెడితేనే తొవ్వల పోయేటోళ్లకు కనబడుతది, గడోళ్లు చూసినా ఉన్నదని తెలుస్తది. అవ్వ రాట్నం తీసుకొని చీకట్ల మూలకు జరిగింది. గప్పటి నుంచి ఆమె కండ్లు పాడైనయి. నేను బీడీల చాట ఒళ్లె పెట్టుకొని ఆకు కత్తిరిచ్చుకుంట కుర్చీకి ఎదురుంగ కూసునేదాన్ని. నెలకోపాలి, పండుగకోపాలి రాజలింగు తలకాయ లోపలికి పెట్టి చూసి పోయేటోడు. దసరాకు మగ్గం కడిగినట్టే కుర్చీని సుత బాపు కడిగేటోడు, చుట్టాలొస్తే చాప ఏసేటోళ్లం. తెలువనోళ్లు ఎవరన్న కుర్చీ దిక్కు నడిస్తే నలుగురం ఒక్కసారే “ఆఁ ఆఁ” అని ఉరికేటోళ్లం. మా ఇంట్ల మేమే జీతగాళ్లం అయినం, ఒక కట్టెకు.

తర్వాత రైతుకూలి సంఘాలు వచ్చినయి, జీతగాళ్లు తిరగబడిండ్రు, దొర పెట్టే బేడా సర్దుకొని పట్నం పోయిండు. రాజలింగు సుత మెల్లగ సంఘంల చేరిండు, ఏ ఎండకు ఆ గొడుగు. ఊర్లె పండుగ లెక్కయింది. నేను ఇంటికొచ్చి, “బాపూ, ఇగ తీసి పొయ్యిల పెడదాం” అన్న. బాపు నన్ను కొట్టినంత పని చేసిండు. “దొర మళ్ల వస్తే?” అన్నడు. దొర రాలే. ఆఖరుకు బాపు మంచం పట్టినప్పుడు సూదేసే డాక్టరు వచ్చి, మంచం పక్కకు కుర్చీ గుంజుకొని కూసోబోయిండు. నోట్లె మాట పడిపోయిన మనిషి, నాలుగు రోజుల నుంచి నన్నే గుర్తు పట్టని మనిషి, గొంతు తెంపుకొని, “అది కాదు డాక్టర్ సాబ్, అది కాదు” అని లేవబోయిండు. గదే ఆయన ఆఖరి మాట. నా పేరు కాదు, అవ్వ పేరు కాదు.

నేను బీడీలు చేసుకుంటనే ప్రైవేటుగ పది రాసిన. నా తోటోళ్ల పిల్లలు బడికి పోయే కాలానికి నేను టీచర్ ట్రైనింగుకు పోయిన. బొగ్గుబాయిల కాడి కాలనీ బడిల పిల్లలకు సాంఘికం చెప్పిన. బాగనే బతికిన, అబద్ధమెందుకు. మా ఊర్లె గుంట మగ్గాలు పోయి కరెంటు మగ్గాలు వచ్చినయి, సత్తయ్య ఒక సేటు కాడ రాత్రింబగళ్లు వాటి ఎంబడి నిలబడ్డడు. ఇప్పుడు ఇంట్ల పోగు తెగేదాకా చూసే పని లేదు, ఎవరి ఫోన్ల మొఖం వాళ్లు పెట్టుకొని ఉంటరు, అడిగినా ఇనరు. ఇప్పుడు మా వాడల ప్లాస్టిక్ కుర్చీలు లేని ఇల్లు లేదు, చుట్టం రాంగనే ఈపు ఎనుక కుర్చీ ఏస్తరు. అది చూసినప్పుడల్లా సంతోషపడాలె. నాకు కోపమొస్తది. గింత సులువుగ అయ్యేటి పనా ఇది, మరి అప్పుడెందుకు కాలే?

గా రోజు నేను పోయేసరికి సత్తయ్య కుర్చీని అటుక మీది నుంచి దించి, తడిబట్టతోని తుడిచి, నడింట్ల పెట్టిండు. ప్లాస్టిక్ కుర్చీలు వాకిట్లనే వదిలేసిండు. దొర మనుమడు కారు దిగి వచ్చిండు. దొర బిడ్డ కొడుకు. మంచిగనే ఉన్నడు పిలగాడు, చెప్పులు బయట ఇడిచి, నాకు నమస్తే పెట్టిండు. సత్తయ్య “చిన్నదొరా, కూసోండ్రి” అని చేతులు పిసుక్కుంట, ఎక్కడ కూసోమనాల్నో తెలువక అట్లనే నిలబడ్డడు. పిలగాడు సుత నిలబడే చెప్పిండు. “గడిని బాగు చేయిస్తున్నామమ్మా. కింద హాల్లో పాత వస్తువులన్నీ పెడుతున్నాం. ఊరి చరిత్ర జనానికి తెలియాలి కదా. మా తాతగారు ఆ రోజుల్లోనే బడి నాటకానికి తన కుర్చీ ఇచ్చారంట. రాణి వేషం చూసి మెచ్చుకుని, ఆ అమ్మాయికే బహుమానంగా ఇచ్చేశారంట. అమ్మ చెప్పేది. ఆ అమ్మాయి మీరే కదా?”

బహుమానమట! మా బాపు సచ్చేదాక భయపడ్డది బహుమానానికా? మా అవ్వ కండ్లు పోగొట్టుకున్నది బహుమానానికా? నీళ్లు తాగి, ఉన్నదున్నట్టు మొత్తం చెప్పిన. పిలగాని మొఖం చిన్నబోయింది. అబద్ధమని అనలే. “నాకు తెలియదమ్మా, క్షమించండి. అయినా అప్పటి కాలం అలా ఉండేది. తాతగారిని ఒక్కరినే అనలేం” అన్నడు. సత్తయ్య ఎనుక నుంచి, “అవునవును, కాలమే గట్లుండె” అని తల ఊపిండు.

గప్పుడు నాకు గణపత్ సారు యాదికొచ్చిండు. “కాలం గట్ల లేదు బిడ్డా” అన్న. “నీకు కాలం నిలువుగ కనబడుతుంది, పైన కిందికి. జర అడ్డంగ చూడు. నేను గా కుర్చీల కూసున్ననాటికి అమెరికోడు చంద్రుని మీద కాలు పెట్టి వచ్చిండు, రేడియోల ఊరంత ఇన్నది. అదే ఏడు ఈడ నేను కట్టె కుర్చీ మీద కూసుంటే తప్పాయె. మీ అమ్మా నేనూ ఒక్క ఈడోళ్లం. సెలవులకు కార్ల వచ్చేది, తెల్ల సాక్సులు, నల్ల బూట్లు, మేము ఎంబడి ఉరికి చూసేటోళ్లం. అదే ఏడు మీ అమ్మ పట్నంల కాన్వెంటుల చదువుతుండె. అదే తాత పంపించిండు. అదే ఏడు అదే తాత భయం నా సదువు బందు పెట్టిచ్చింది. కాలం మంచిది కాకపోతే మీ అమ్మకు సుత మంచిగుండకపోవు గద? నీ హాల్ల గీ కుర్చీ పెడితే పెట్టుకో. పెట్టి, గీ ముచ్చట సుత పక్కన రాసి పెట్టు. రాస్తవా?”

“చూస్తానమ్మా” అన్నడు. చూస్త అంటే ఏందో మనకు తెలువదా? కుర్చీ మాట మళ్ల ఎత్తలే. చాయ్ తాగలే. దండం పెట్టి పోయిండు. కారు మలుపు తిరిగేదాక సత్తయ్య వాకిట్ల నిలబడి, లోపలికొచ్చి, “పెద్దోళ్ల ఇంటి పిలగాన్ని గట్లంటరా అక్కా? రేపు నాకేమన్న పని పడితే?” అని నా మీద లేచిండు. “వాడు నీకు పెద్దోడా? నీ కొడుకు ఈడు లేడు. ఇగో, కుర్చీ మనదేనట, బహుమానమట. కూసో” అన్న. నవ్విండు. “కూసోరా” అన్న. “వద్దక్కా, నాకు ఈడనే మంచిగున్నది” అని గడప మీద కూసున్నడు, బాపు గొంతుతోని మాట్లాడుకుంట.

నేను పోయి కుర్చీల కూసున్న. కూసునే కాడి అల్లిక కిందికి జారి ఉన్నది, ఒక పక్కకు ఒరుగుతుంది. సింహం మూతుల మీద చేతులు పెట్టిన. కాళ్లు నేలకు ఆనినయి. అప్పుడు ఆనలే. నేను చెప్పని మాట నోటికొచ్చింది, ఒక్క అక్షరం మరువలే. “అదే ఏడు, గోదావరికి మానేరుకు నడుమ ఏమైందో ఎవ్వరూ రాసిపెట్టలే” అని గట్టిగనే అన్న. మేము మాత్రం ఉన్నం అని అందామనుకునేసరికి, సత్తయ్య గడప మీది నుంచి లేచి తొవ్వ దిక్కు అటూ ఇటూ చూసిండు.

“దిగక్కా” అన్నడు మెల్లగ, “ఎవలన్న సూస్తరు.”